ముందు చాపకు పిలుపు

టేకులపల్లి,
4–3–1988

ప్రభువునందు ప్రియమైన చెల్లెలు విశ్రాంతమ్మకు,

దొరికిందమ్మా. మీ ఆయన కోసం నెల రోజులుగా వెతుకుతున్న చోటు దొరికింది. దవాఖానాలో నర్సమ్మ చెప్పిన గుర్తులు పట్టుకొని కొత్తగూడెం పోయి, ముందు పొరపాటున ఒక లారీ ఓనర్ల మీటింగులో దూరాను. డీజిల్ ధర మీద చేతులెత్తమంటే ఎత్తాను కూడా. పక్క వీధిలో, కుట్టుమిషన్ల షాపు మీద గది. తాగుడు మానుకున్నవాళ్ళు ప్రతి మంగళవారం సాయంత్రం అక్కడ కూర్చుంటారు. డాక్టరు లేడు, ఫీజు లేదు. ఒకరి తరువాత ఒకరు తమ సంగతి చెప్పుకుంటారు, అంతే. పాట లేదు, ప్రార్థన లేదు, వాక్యం లేదు. నాకు ఒళ్ళు మండింది. దయ్యాన్ని వెళ్ళగొట్టి, ఊడ్చిన ఇల్లు ఖాళీగా వదిలితే అది ఇంకా ఏడింటిని వెంటేసుకొని వస్తుందని లేఖనం హెచ్చరించలేదా? అయినా పదకొండేళ్ళ నా బోధ బావను ఒక్క పూట ఆపలేదు. బద్యా అనే లంబాడీ డ్రైవర్, ఆరేళ్ళ క్రితం మానినవాడు, మణుగూరు వైపు లారీ తోలుతాడు. తానే తీసుకుపోతానన్నాడు. పంపించు.

ప్రభువు సేవలో నీ అన్న,
ఇన్నయ్య

పినపాక,
20–5–1988

ప్రియమైన అన్నకు విశ్రాంత వందనాలు.

మీ బావ ఒక్క మంగళవారం తప్పలేదు. చేతుల వణుకు తగ్గి మళ్ళీ రంపం పట్టాడు. ఇప్పపూలు రాలి ఊరంతా సారా వాసన కొట్టిన రోజుల్లో ముక్కుకు తువ్వాల కట్టుకొని మంచాలు బిగించాడు.

రొట్టె విరిచే ఆదివారం ఆరాధనలో ముందు చాప మీద కూర్చోమని ఆయన్ను పిలిచావు. తప్పిపోయినవాళ్ళను వెనక చాప మీద కూర్చోబెట్టి ద్రాక్షరసపు గిన్నె అందనివ్వని మన సంఘంలో, పదకొండేళ్ళకు వచ్చిన పిలుపు. సంతోషమే. కానీ ఒక మనవి. వదిన ఎండుద్రాక్ష జాడీలో నానబెట్టి తీసే రసం పులిసి ఉంటుంది కదా. బద్యా “చుక్క గూడ వద్దు” అంటున్నాడు. రొట్టె మాత్రం తీసుకొని గిన్నె పక్కవాడికి అందిస్తానని మీ బావ అంటున్నాడు. నిన్ను అడగడానికి ధైర్యం చాలక నన్ను రాయమన్నాడు.

నీ చెల్లెలు

టేకులపల్లి,
26–5–1988

ప్రియమైన విశ్రాంతా,

అది సారా కాదు. నీకూ నాకూ బావకూ కార్చిన రక్తానికి గుర్తు. అయోగ్యంగా తాగినవాడు గదా భయపడాలి? యోగ్యుడికి భయమెందుకు? రొట్టె తిని గిన్నె దాటిస్తే సంఘం ఏమనుకుంటుంది? ఇంకా తాగుతున్నాడనే. నా చెల్లెలి మొగుడు వెనక చాప మీద, నేను ముందు నిలబడి బోధిస్తూ, ఇన్నేళ్ళు గడిపాను. ఆ సిగ్గు నీకు తెలియదు. జూన్ ఐదో తారీఖున తీసుకురా. విశ్వసించినవాడికి హాని లేదు.

నీ అన్న

పినపాక,
20–6–1988

అన్నకు,

గిన్నె తన దగ్గరికి వచ్చినప్పుడు ఆయన తల అడ్డంగా ఊపాడు. నువ్వు ఆయన మూతికి ఆనించి నిలబడ్డావు. నలభై మంది చూస్తున్నారు. “తీస్కో బావా, ప్రభువే ఇస్తుండు” అన్నావు. తాగాడు. అందరూ స్తోత్రమన్నారు.

తిరుగుదారిలో, కొత్తగూడెం బస్టాండులో బీడీలు తెస్తానని దిగాడు. బస్సు కదిలినా రాలేదు. తొమ్మిదో రోజు బద్యాకు దమ్మపేట అవతల ఒక మామిడితోటలో దొరికాడు, రక్తం కక్కుతూ. ఇప్పుడు దవాఖానాలో ఉన్నాడు. లివర్ చాలా మటుకు పోయిందన్నారు.

నాతో ఒకటే అడిగాడు: “ఆ గదిల గూడ వెనక చాప ఉంటదా?” లేదని బద్యా చెప్పినా నమ్మడు. నువ్వు పోయి కనుక్కో. నువ్వు చెబితే నమ్ముతాడు. ఆయనకు ఆ చాప వేసినవాడివి నువ్వే.

విశ్రాంత

టేకులపల్లి,
29–6–1988

ప్రియమైన చెల్లెలికి,

నిన్న పోయాను. బావ సంగతి చెప్పడానికి లేచి నిలబడి గ్రంథం తెరిచాను. బద్యా మెల్లగా, “అన్నా, ఈడ ఎవరి సంగతి వాళ్ళే చెప్పాలె” అన్నాడు. గ్రంథం మూశాను. తరువాత, మానుకుంటున్న మనిషి మూతికి గిన్నె ఆనించానని చెప్పాను. ఎవరూ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

బావకు చదివి వినిపించు. వెనక చాప లేదు. బద్యా తన సంగతే చెప్పాడు: “నేను మొదట మానినంక నాలుగుసార్లు మళ్ళ తాగి పడ్డ. ఎవలూ ఎనకకు జరుగుమనలే. కూసోమన్నరు.” ఇది నేను కళ్ళారా చూసి, చెవులారా విని రాస్తున్నాను.

మన సంఘంలో ఆ చాప నేనే చుట్టేశాను. మీ వదిన ఇక ఏ వారానికి ఆ వారం ద్రాక్ష ఉడికించి రసం తీస్తుంది. బావ లేచి తిరిగితే ప్రతి మంగళవారం నేనూ వచ్చి పక్కన కూర్చుంటాను.

క్షమాపణ అడిగే ముఖం లేని నీ అన్న,
ఇన్నయ్య

పినపాక,
13–7–1988

ప్రియమైన అన్నకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివించుకున్నాడు. నిన్న బద్యా భుజం పట్టుకొని ఆ గదికి పోయాడు. మెట్లెక్కడానికి పావుగంట పట్టిందట. డాక్టరు ఏడాది అంటున్నాడు, అదీ ముట్టకుంటే.

వచ్చి పడుకున్నాక, “మీ అన్నను ఆడికి రావద్దని రాయి” అన్నాడు. కోపంతో కాదు. ఆ చోటు వెతికింది నువ్వేనని ఆయనకూ తెలుసు. కానీ నీ ముఖం చూస్తే చాలు, బాగోకున్నా బాగున్నానని చెప్పబుద్ధి అవుతుందట. ఆ గదిలో ఆ మాట చెబితే ఆయన బతకడు.

మంగళవారాలు నువ్వు టేకులపల్లిలోనే ఉండు అన్నా.

నీ చెల్లెలు,
విశ్రాంత