బంగారు గనికి బోరు లెక్క

చండ్రుగొండ, 1995, బుధవారం

బంగారు గని కంపెనీ మూడు నెలల ఫలితాలు ఈరోజు పేపర్లో వచ్చాయి. మళ్లీ నష్టమే. ఇంకా లోతుకు తవ్వుతున్నారట. ఊళ్లో ఆ షేర్లు కొన్నది నేనూ, మా వెంకయ్య బావా ఇద్దరమే. ఉంచుకోవాలా, అమ్మాలా అని హోటల్లో కూర్చుని వాదించుకున్నాం.

"గిప్పుడు అమ్ముడేంది బావా? నా మూడో బోరుల రెండొందల అడుగులకు గూడ దుమ్మే లేచింది. ఇంకో యాభై ఏపిస్తె నీళ్లు పడలే?" అన్నాడు వెంకయ్య.

"మరి మొదటి రెండు బోర్లు?"

"ఆ ఎండిన బోర్ల ముచ్చట గిప్పుడెందుకు తీస్తవ్?"

బోర్లు వేయించినవాడి ధైర్యం చూసి నాకూ నమ్మకం కుదిరింది. ఇంకో మూడు నెలలు చూద్దామనుకుని ఇంటికొచ్చాను.

"కంపెనోళ్లు ఏమంటున్నరు?" అని మా ఆవిడ అడిగింది. ఆమె గొలుసు అమ్మే ఆ షేర్లు కొన్నాను.

"ఇంకా తవ్వుతున్నరంట."

"తవ్వంగ నా గొలుసు గిట్ల దొరికితే పంపమని రాయి."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

షేరు కాగితాలు సంచిలో పెట్టుకున్నాను. వచ్చినంతకే అమ్మేస్తాను. ఖమ్మం మొదటి బస్సుకే పోవాలి, వెంకయ్య లేవకముందే. ఎదురుపడితే మళ్లీ నమ్మేస్తాను.