బంతి ఏసేబుకిచ్చేయండిరా

పెదనాన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. బిట్రగుంట రైల్వే గ్రౌండులో మన ఫుట్‌బాల్ టీము ఇంకా నీ మాట మీదే ఆడుతోంది. "దిక్కు తెలీకపోతే బంతి ఏసేబుకిచ్చేయండిరా" అని మాకు ఆట నేర్పేటప్పుడు అనేవాడివి కదా. పోయిన వారం ఏసేబు మోకాలు దెబ్బతింది. ఇక ఆడకూడదన్నారు డాక్టరుగారు.

ఈ సాయంత్రం వాడు లేకుండానే దిగాం. బంతి అందినవాడల్లా ఏసేబు ఆడే ఎడమవైపే చూస్తాడు. అక్కడ ఎవరూ లేరు. ఇద్దరు మీదికొచ్చేసరికి నేను కంగారుపడి, అలవాటుకొద్దీ అటే కొట్టాను. బంతి గీత దాటి, కాలికి కట్టుతో కుర్చీలో కూర్చున్న ఏసేబు ఒళ్లో పడింది.

"ఇటియ్యరా" అని చేతులు చాపాను. వాడు వదల్లేదు.

"నాకూ దిక్కు తెలీడంలా. నేనెవురికియ్యాల్రా?" అన్నాడు.

అది మాత్రం నువ్వు చెప్పకుండానే పోయావు, పెదనాన్నా.