వాచ్‌మన్ జేబులో ఏముంటుంది

బోధన్ పట్టణం, శక్కర్‌నగర్ నివాసి, కీర్తిశేషులు రామస్వామి చిన్న కొడుకు మార్కండేయ, వయస్సు ఇరవై ఏడు, చెప్పి రాయించిన వీలునామా.

కండరాలు కరిగిపోయే జబ్బు నా కాళ్లను పట్టుకుంది, చేతులను పట్టుకుంది, ఇప్పుడు ఊపిరి దాకా వచ్చింది. బుర్రను పట్టుకోలేదు. ఏ మందు మత్తులోనూ లేను. ఎవరి ఒత్తిడీ లేదు. ఏం మాట్లాడుతున్నానో తెలిసే చెబుతున్నాను. కుడి చూపుడువేలు ఒక్కటే కదులుతుంది కాబట్టి పక్కింటి విమలమ్మ టీచరు రాస్తున్నారు. చెప్పింది చెప్పినట్టే రాయమన్నాను, బాగుచేయవద్దన్నాను.

1. ఇంట్లో నా వాటా నా తదనంతరం నన్ను కన్న మా అవ్వ శంకరమ్మకు సర్వహక్కులతో చెందవలెను. అవ్వ ఉన్నంతకాలం ఇంటిని ఎవరూ అమ్మరాదు, తాకట్టు పెట్టరాదు.

2. నా చక్రాల కుర్చీ నా దోస్తు ఎజాజ్ వాళ్ల అమ్మ హుసేన్ బీకి. ఆమె మోకాళ్లు పనిచేయడం లేదు. ఎడమ చక్రం కిర్రుమంటుంది, కొబ్బరినూనె చాలు.

3. నా స్వార్జితం ఒక్కటే, 'మూడో గేటు' అనే తుపాకీ ఆట. 2003లో ఎజాజ్ బస్టాండు దగ్గర కంప్యూటర్ సెంటర్ పెట్టాడు. ఊళ్లో కుర్రాళ్లు ఆడే ఒక కాల్పుల ఆటను విప్పి, దాని మీద ఇద్దరం రెండేళ్లు కూర్చుని మా ఆట కట్టుకున్నాం. చెరుకు బండ్ల వరస, బాయిలరు, చెరుకు మడ్డి తొట్లు, అంతా చక్కెర ఫ్యాక్టరీ. బొమ్మలు ఎజాజ్‌వి, నియమాలు నావి. ఉత్త కాల్పులైతే వారంలో విసుగొస్తుంది. అందుకని చంపినకొద్దీ పాయింట్లు, ఆ పాయింట్లతో బలం, చూపు, దమ్ము పెంచుకోవడం, చచ్చినవాడి జేబులు వెతికి దొరికింది తీసుకోవడం పెట్టాను. మోసే బరువు ఎక్కువైతే నడక తగ్గాలని పెట్టాను. అది చూసి నేర్చుకున్నదే. బాపు, అంటే మా నాన్న, రోజూ నన్ను వీపున వేసుకుని సెంటర్‌కు తెచ్చి, మళ్లీ ఇంటికి తీసుకుపోయేవాడు. ఏటికేడు ఆ నడక మెల్లగయింది.

ఆటలో గేటు దగ్గర వాచ్‌మన్‌కు ముఖం కావలసివచ్చింది. బాపు ఫ్యాక్టరీలో వాచ్‌మన్. ఖాకీ చొక్కా వేయించి ఫోటో తీసి ఆ ముఖమే పెట్టాను. ఎందుకో ఆయనకు చెప్పలేదు. ఆయన చేతి గడియారాన్ని ఆటలో అన్నిటికన్నా గొప్ప వస్తువుగా చేశాను. అది దొరికినవాడికి గురి తప్పదు. నూటికి ఒక్కసారే దొరకాలని రాసిందీ నేనే. ప్రతిసారీ దొరికేదాని కోసం ఎవడూ రెండోసారి చంపడు.

2005 చలికాలంలో ఒకరోజు బాపు తొందరగా వచ్చాడు. పది కంప్యూటర్ల మీద పదిమంది కుర్రాళ్లు ఆయన్ను చంపుతున్నారు, గడియారం గడియారం అని అరుస్తూ జేబులు వెతుకుతున్నారు, గేటు బయటికి పోయి మళ్లీ వచ్చి చంపుతున్నారు. చాలాసేపు నిలబడి చూశాడు.

“గది నేనేనారా?” అన్నాడు.

“అవును బాపు.”

“గడియారం కోసమా? గది బందయ్యి ఎన్నేండ్లాయె!”

నన్ను వీపున వేసుకున్నాడు. ఇంటికొచ్చాక నా పక్కన కూర్చున్నాడు. “నా జేబుల ఏముంటదో నీకేమెరుక? సెప్త, రాస్కో” అన్నాడు. సగం కట్ట బీడీలు. అగ్గిపెట్టె. అవ్వ దగ్గు గోలీలు. నా కుర్చీ బెల్టుకు పెట్టే పిన్నీసు. ఒక మడత కాగితం. దాని మీద నా పేరు, సెంటర్ అడ్రసు ఉన్నాయి.

“గిదెందుకు బాపు?”

“తొవ్వల నేను పడిపోతే నిన్నెవరన్న ఇంటికి తీస్కపోవాలె గదరా.”

2006 మార్చిలో నన్ను తీసుకుపోవడానికి వస్తూ దారిలో పడిపోయాడు. ఎవరో ఆటో అతను ఆ కాగితం పట్టుకుని సెంటర్‌కు వచ్చాడు. “మార్కండేయ ఎవలు?” అని అడిగాడు. బాపు పోయిన సంగతి నాకు అట్లా తెలిసింది.

4. వాచ్‌మన్‌ను తీసెయ్యమని ఎజాజ్‌ను వేడుకున్నాను. “వాచ్‌మన్ లేకపోతే ఎవడొస్తడు భాయ్, అందరొచ్చేదే గడియారం కోసం” అన్నాడు. ఆరు నెలలు మాట్లాడుకోలేదు. అతను చెప్పింది నిజమే, అందుకే కోపమొచ్చింది. ఇప్పుడు ఆట మీద సమస్త హక్కులూ ఎజాజ్‌కే ఇస్తున్నాను. షరతు ఒక్కటి. వాచ్‌మన్ గేటు దగ్గరే ఉండాలి, కానీ జేబులో బాపు చెప్పినవే ఉండాలి. చేతికి గడియారం ఉండరాదు. కుర్రాళ్లు రావడం మానేస్తే మానేయనీ.

5. నాలుగు మీటలు అరిగిన కీబోర్డు కూడా అవ్వకే. చేతులు పడిపోయాక నేను గురి చూస్తే, అవ్వ ఆ నాలుగు మీటలు నొక్కి నడిపించేది. బీడీలు చుట్టిన వేళ్లు, ఎంత చురుకో! కానీ శవం దగ్గరికి మాత్రం పోయేది కాదు. “సచ్చినోని జేబులు దేవులాడుడేందిరా? బట్టన్న కప్పు” అనేది. బట్ట కప్పే మీట పెట్టించాను. దానికి పాయింట్లు లేవు. అవ్వ తప్ప ఎవరూ నొక్కలేదు.

6. అన్న రామ్‌దాస్‌కు ఆస్తి ఏమీ రాయడం లేదు. బాపు పోయినరోజు నిజామాబాద్ నుంచి నేరుగా దవాఖానకు పోయింది అన్నే. శవం ఇంటికొచ్చేసరికి చేతికి గడియారం లేదు. “తొవ్వల యాడనో పడ్డట్టుంది” అన్నాడు. పదకొండో రోజు వడ్డిస్తుంటే అన్న చొక్కా చేయి పైకి జరిగింది. గడియారం నడుస్తోంది. నేను అడగలేదు. ముందు చేరినవాడు తీసుకోవచ్చని పది కంప్యూటర్లలో రాసినవాణ్ని, ఏ ముఖంతో అడగను? ఆ గడియారం అన్నదే. కానీ నాకు తెలుసు.

7. అన్న నన్నెప్పుడూ ఎత్తుకోలేదు. జబ్బు అంటుకుంటుందని చిన్నప్పుడు భయం. ఆ వయసులో తప్పు కాదు, అయినా గుర్తుంది. నా పాడెకు ముందు భుజం అన్నే పట్టాలి. ముప్పై ఒక్క కిలోలున్నాను, కష్టం కాదు.

8. ఈ వీలునామాను అమలుపరిచే బాధ్యత ఎజాజ్‌ది. సంతకాలకు ముందు విమలమ్మ టీచరు దీన్ని అన్నకు మొదటి నుంచి చదివి వినిపించి, సాక్షిగా సంతకం అడగవలెను. కాదంటే బలవంతం వద్దు. ఎదురింటి గంగమణి అక్క చేస్తానన్నది.

బోధన్, 17 ఆగస్టు 2008, ఆదివారం.

మార్కండేయ వేలిముద్ర. వేలిని సిరాలో అద్ది పట్టుకున్నది: అవ్వ శంకరమ్మ.

చెప్పగా రాసినది: విమలమ్మ.

సాక్షులు:
1. ఆత్మారాం, శక్కర్‌నగర్.
2. రామ్‌దాస్, తండ్రి రామస్వామి, నిజామాబాద్. (పొద్దున చదివి వినిపించాను. సాయంత్రం దాకా గడప మీద కూర్చుని, లోపలికొచ్చి సంతకం చేశారు. — విమలమ్మ)