ఎర్రగా కాల్చని రాగి కప్పులు

అమ్మాయి ఇల్లు, హారిసన్,
ఆదివారం.

శ్రీవారికి నమస్కరించి రాస్తున్నాను. స్వామి దయవల్ల ఇక్కడ తల్లీ బిడ్డా బాగున్నారు. మీరు డార్విన్‌లో ఒక్కరే ఉన్నారని బీపీ మాత్రలు మానకండి.

మీ పార్సిల్ అందింది. పసిదాని బట్టల కింద, తూటాల చిల్లులు పడ్డ టార్గెట్ కాగితంలో చుట్టి మీ ఉత్తరం ఉంది. అడిగినవాటికి వరసగా చెబుతాను. నా మోకాలు తగ్గింది. సింధుజకు పాలు బాగానే పడుతున్నాయి. పాప పేరు మాటెత్తితే "మమ్, ప్లీజ్, నాట్ నౌ" అంటోంది.

ఇక మీ అసలు ప్రశ్న. బుల్లెట్ల అడుగున తొడిగిన కప్పులు ఎందుకు ఊడిపోతున్నాయని. బుల్లెట్లు పోసే మోల్డ్ అరిగిందేమో, సీసంలో తగరం తక్కువైందేమో అని నాలుగు పేజీలు రాశారు. నా చేతిపని తప్పేమో అని మాత్రం ఒక్క ముక్క రాయలేదు. మొన్న ఫోనులో చెప్పబోతే "ఆ సంగతులు నీకేం తెలుసులే" అని పెట్టేశారు. అందుకే ఈ ఉత్తరం.

కార్‌పోర్టులో మీరు సీసం కరిగించి పోస్తే, కప్పులు తొడిగే పని నాకిచ్చారు. "వత్తులు చేసే చేతులు, నీకు ఓపిక" అన్నారు. చిటికెన వేలి గోరంత రాగి కప్పు. ముందు దాన్ని ఎర్రగా కాల్చి చల్లార్చాలి. అప్పుడు రాగి మెత్తబడి, ప్రెస్‌లో నొక్కగానే సీసాన్ని కరిచి పట్టుకుంటుంది. కాల్చకపోతే పట్టినట్టే ఉండి వదులవుతుంది. నేర్పింది మీరే. ఒక్కో కప్పుకు ఒక్కో రామనామం అనుకుంటూ తొడిగేదాన్ని. "ఇవి కాగితం మీదకే కదండీ?" అని అడిగాను. "మరి దేనిమీదకి, నీ మీదకా?" అని నవ్వారు.

మే నెలలో మీతో పనిచేసే బాలమురళి ఐస్‌పెట్టె తిరిగివ్వడానికి వచ్చాడు. "ఆంటీ, మీ చేతి మహిమ! నిన్న పంది ఒక్క షాట్‌లో ఫ్లాట్" అన్నాడు.

"పందా? కాగితం కాదా నాయనా?"

"అయ్యో, అంకుల్ చెప్పలేదా? సారీ ఆంటీ, నేనేం అనలేదనుకోండి."

మిమ్మల్ని అడగలేదు. అడిగితే ఇంకో జోకు వేస్తారు. ఆ తరవాతి డబ్బాలో కప్పులు నేను కాల్చలేదు. వందా అలాగే తొడిగాను. కప్పు వదులైతే గురి తప్పుతుంది, జంతువులు బతుకుతాయి, మీకూ విసుగొచ్చి మానేస్తారు అనుకున్నాను. దేవుడు మెచ్చే పనే అనుకున్నాను. మీరు ఒక్కదాన్నీ గోటితో తిప్పి చూడలేదు. "ఆవిడ తొడిగితే చూడక్కర్లేదోయ్" అని బాలమురళితో మీరు అనడం వంటింట్లోంచి విన్నాను.

నేను ఇక్కడికి బయల్దేరే ముందు మనింట్లో మాంసం కాల్చే బార్బీ విందు పెట్టారు కదా. బాలమురళి నా పక్కన కూర్చుని చెప్పాడు.

"ఈసారి బ్యాడ్ లక్ ఆంటీ. పెద్ద అడవిగేదె. గుండెకి గురిపెడితే నడుముకి తగిలింది. వెనకకాళ్ళు పడిపోయి ముందుకాళ్ళతో బురదలో పాక్కుంటూ రెల్లులోకి పోయింది. పొద్దున కొడితే ఆర్వోకి, అదే మధ్యాహ్నానికి గానీ దొరకలేదు. అప్పటిదాకా ఒకటే అరుపు."

"వదిలెయ్యవోయ్, ఆవిడ భోంచేస్తోంది" అన్నారు మీరు. నా పళ్ళెంలో పెరుగన్నం ఉంది. మీ ఎదురుగా అది పూర్తిగా తిన్నాను. లేస్తే ఎందుకని అడుగుతారని.

రెండు నెలలయింది. రోజూ దీపం పెడుతున్నాను. ఏం అడగాలో తెలియక అలా నిలబడుతున్నాను.

నెలాఖరుకి వచ్చెయ్యమన్నారు, రెండు వందల కప్పులు తొడగాలని. వస్తాను, వండి పెడతాను. ఆ ప్రెస్ ముందు మాత్రం కూర్చోను. నేను బతిమాలితే మీరు మానరని తెలుసు. అందుకే చెబుతున్నాను. షెడ్డులో ఆకుపచ్చ మూత డబ్బాలో మిగిలినవి, ఆ కాల్చని కప్పులవి, ఒక్కటీ పేల్చకండి, కరిగించేయండి. ఇకమీదట కప్పులు మీరే కాల్చుకోండి, ఎర్రబడేదాకా. ప్రతిదాన్నీ గోటితో తిప్పి చూడండి. చంపేవాళ్ళు ఒక్క దెబ్బకు చంపండి. ఇలాంటి మాట నా చేత్తో రాస్తానని ఎన్నడూ అనుకోలేదు.

మోల్డ్ మంచిదే. సీసమూ మంచిదే. మీరు నాతో అబద్ధమాడారు, నేను మీతో ఆడాను. మనిద్దరికీ ఆ రోజు అన్నం సహించింది. అరిచింది ఆ గేదె.

ఇట్లు,
ఈ పాపంలోనూ మీ సహధర్మచారిణి,
శ్యామసుందరి