పాల గరిటె తెచ్చిన తగువు

ఖోబర్

ఓబులన్నకు చెల్లెలు మునిరత్న నమస్కరించి రాసేది.

ఫోన్‌లో నేను ఒక మాట అనేలోపు నువ్వు పది అంటావు. అందుకని కాగితం మీద రాసి, ఫోటో తీసి పంపుతున్నాను. దీనికి మధ్యలో అడ్డం రావడానికి కుదరదు.

కొత్తగా పనికి చేరిన ఇల్లు బాగుంది. నయోమి మేడం అమెరికా మనిషి, ఇక్కడ సౌదీలో ఒక ఆసుపత్రిలో నర్సులకు పాఠాలు చెబుతుంది. యూదులు. ఆమె నాయన వాళ్ళ ధర్మగ్రంథం తోరా బాగా చదివిన పండితుడు. రోజూ పొద్దున అయిదు నిమిషాల పాఠం రికార్డు చేసి కూతురికీ, ఇంకా ఎందరికో పంపుతాడు. ఏం తినాలి, ఎలా వండాలి, ఎవరితో ఎలా మెలగాలి, అన్నిటికీ చట్టం ఉంది. మేడం అది వింటూ నాకు అరబీలో చెబుతుంది. ఆమెకొచ్చిన అరబీ, నాకొచ్చిన అరబీ కలిపితే ఒక మనిషికి సరిపోతుంది.

వంటింట్లో గిన్నెలు రెండు వరసలు. ఎర్ర గుర్తువి వేరు, నీలం గుర్తువి వేరు. తోమే పీచు కూడా వేరే. మొన్న పొరపాటున కలిపేస్తే మేడం మొహం మాడిపోయింది.

ఉంటాను,
మునిరత్న

తా.క. శుక్రవారం సాయంత్రం రొట్టె మీద గుడ్డ కప్పుతారు. ముందు ద్రాక్షరసానికి మంత్రం చదువుతారు కదా, అది చూసి రొట్టె చిన్నబుచ్చుకుంటుందట.

హుఫూఫ్

చెల్లెలికి ఓబులయ్య రాసేది. ఆశీస్సులు తర్వాత, ముందు తిట్లు.

రెండు వరసల గిన్నెలా? మన ఊరి టీ అంగట్లో మనకు వేరే గ్లాసు పెడితే, దాన్ని రోడ్డు మీద పగలగొట్టి తన్నులు తిన్నవాడి చెల్లెలివి నువ్వు. నా ఎడమ చెవి ఈరోజుకీ సరిగా వినపడదు. సముద్రం దాటిపోయి మళ్ళీ అవే గిన్నెలు తోముతున్నావా? పైగా ఇల్లు బాగుందని రాస్తావా?

మా సైటు సూపర్‌వైజర్ గురవయ్య గారు మన జిల్లా మనిషే. కుటుంబంతో ఇక్కడే ఉంటాడు. వంటకు తెలుగు మనిషి కావాలంటున్నాడు. కఫీల్‌ను, అదే వీసా ఇచ్చిన యజమానిని, మార్చే కాగితాలు ఆయనే చూసుకుంటాడట. మనవాళ్ళ ఇల్లు ఉండగా నీకీ ఖర్మ ఏమిటి? బట్టలు సర్దుకో.

కోపంతో,
ఓబులయ్య

తా.క. రొట్టె చిన్నబుచ్చుకుంటే గుడ్డ కప్పుతారు, సరే. మనిషి చిన్నబుచ్చుకుంటే ఏం కప్పుతారో ఆ పండితుణ్ణి అడుగు.

ఖోబర్

అన్నకు మునిరత్న రాసేది. నమస్కారం పెట్టే ఓపిక లేదు.

నీకు కన్ను కూడా ఎడమవైపు పనిచేయడం లేదా? ఎర్ర గుర్తు మాంసానికి, నీలం గుర్తు పాలకు. ఆ రెండూ కలవకూడదని వాళ్ళ చట్టం. గొడవ మనిషికీ మనిషికీ మధ్య కాదు, కోడికీ పెరుగుకీ మధ్య. మేడం తినే పళ్ళేల్లోనే నేనూ తింటున్నాను, ఆమె పక్కనే కూర్చుని. నిన్నటి పాఠం ఏమిటో తెలుసా? ఇంట్లో పెంచే జంతువుకు పెట్టకుండా యజమాని తినకూడదట. పిల్లి ఇంటికి రాలేదని మేడం ఆకలితో కూర్చుంది.

ఒక్కటే నాకు అర్థం కాలేదు. పొయ్యి మాత్రం ఎప్పుడూ ఆమే వెలిగిస్తుంది. స్నానం చేస్తున్నా తడి తలతో పరుగెత్తుకొచ్చి వెలిగించి పోతుంది. నేను ఇల్లు తగలబెడతానని భయం కాబోలు.

మునిరత్న

తా.క. గుడ్డు పాలలోకీ రాదు, మాంసంలోకీ రాదు. ఏ గిన్నెలోనైనా దూరొచ్చు. మన చిన్నమామ లాగా.

హుఫూఫ్

చెల్లెలికి రాసేది.

భయం కాదు. మా ఎలక్ట్రీషియన్ షరీఫ్ ఫోన్‌లో వెతికి నాకు చదివి వినిపించాడు. వేరే మతంవాళ్ళు పూర్తిగా వండింది వాళ్ళు తినరట. వంటలో తమ చెయ్యి కూడా పడాలి, కనీసం పొయ్యి అయినా ముట్టించాలి, అప్పుడే తింటారట. ఇప్పుడు చెప్పు, ఇది కూడా కోడికీ పెరుగుకీ మధ్య గొడవేనా?

శుక్రవారం వస్తున్నాను. నువ్వు సర్దుకోకపోతే నేను సర్దుతాను.

ఓబులయ్య

తా.క. షరీఫ్ బిర్యానీ వండి పిలిచినా పోలేదు. అంత కోపంగా ఉన్నాను.

ఖోబర్

అన్న అనబడే మనిషికి మునిరత్న రాసేది.

నీ బస్సు హుఫూఫ్ చేరకముందే రాస్తున్నాను. మేడం నవ్వుతూ తలుపు తీస్తే, "నా చెల్లెలు ముట్టిస్తే మండదా మీ పొయ్యి?" అని తెలుగులో అరిచావు. ఆమె నా వైపు తిరిగి, మీ అన్నకు ఆకలిగా ఉందా అని అడిగింది.

నువ్వేమో, "రెండు వరసలంట, ఇప్పుడు సూడండి మీ రెండు వరసలు" అంటూ వంటింట్లోకి దూరి, పొద్దున పాయసం కలిపిన గరిటెను ఉడుకుతున్న కోడికూరలో పెట్టి తిప్పావు. వాళ్ళు తినే మాంసం ఇక్కడ దొరకదు. దుబాయ్ నుంచి ఐసుపెట్టెలో తెచ్చుకున్న కోడి అది. ఆమె కుర్చీలో కూలబడింది. అయినా నిన్ను ఒక్క మాట అనకుండా నాయనకు ఫోన్ చేసింది. వాళ్ళేం మాట్లాడుకున్నారో తర్వాత నాకు అరబీలో చెప్పింది.

గరిటెతో ఈరోజే వేడి పాలు కలిపారా అని ఆయన అడిగాడు. ఔనంది. పొట్టేలా, కోడా అన్నాడు. కోడి అంది. "పొట్టేలైతే పారేయాల్సిందే. కోడి గనుక నువ్వు తినకూడదు గానీ ఇంకొకరికి ఇవ్వొచ్చు" అన్నాడు. ఆమె గిన్నెతో సహా నీ చేతిలో పెట్టింది. నువ్వు తీసుకున్నావు కూడా.

నువ్వు పోయాక పొయ్యి సంగతి నేనే అడిగాను. ఆమె అబద్ధం చెప్పలేదు. "ఔను, చట్టం అదే. నీకు చెప్పడానికి నోరు రాలేదు" అంది. అప్పుడు నాకు నిజంగా కోపం వచ్చింది. ఏప్రాన్ విప్పి బల్ల మీద పడేశాను. "మీ చట్టం మీరు పాటించుకోండి. నన్ను గురించిన చట్టం నాకు తెలియకుండా నా మీద నడిపిస్తారా?" అన్నాను. ఆమె తల దించుకుంది. ఉండేదీ పోయేదీ తర్వాత చెబుతానన్నాను.

గురవయ్య గారి ఇంటి నంబరు పంపు.

మునిరత్న

తా.క. కూరలో ఉప్పు చూసుకోలేదు. సరిపోయిందా?

హుఫూఫ్

బంగారు చెల్లెలికి అన్న ఓబులయ్య మనసారా ఆశీర్వదించి రాసేది.

నంబరు పంపుతున్నాను. గురవయ్య గారి భార్యతో మాట్లాడు. "మన అమ్మాయే గదా, ఇంట్లో మనిషి మాదిరి ఉంటాది" అని ఆయన తన నోటితో అన్నాడు.

నీ అన్న,
ఓబులయ్య

తా.క. ఉప్పు సరిపోయింది. మళ్ళీ నాకు కోపం ఎప్పుడొస్తుందని మా కూలీల క్యాంపులో అందరూ అడుగుతున్నారు.

ఖోబర్

ఓబులన్నకు మునిరత్న రాసేది.

గురవయ్య భార్యతో మాట్లాడాను. "మీ ఊర్లో మీది యా వీధిమ్మా?" అని మొదలుపెట్టింది. చెప్పాను. తర్వాత ఎంతో ప్రేమగా, "దేశం కాని దేశంలో అవన్నీ ఎవరు సూస్తారులే. వంట నేనే చేసుకుంటా, నువ్వు గుడ్డలూ బాత్రూములూ సూసుకో. వచ్చేటప్పుడు నీ కంచం, నీ గ్లాసు తెచ్చుకో. బాల్కనీలో పెట్టుకుందువు" అంది. ఇందుకు ఆమె ఏ పండితుడికీ ఫోన్ చేసి అడగలేదు. ఆ పాఠం ఆమెకు ఎవరూ రోజూ చెప్పాల్సిన పని లేదు.

మేడం దగ్గరే ఉంటున్నాను. ఊరికే కాదు. నన్ను గురించి ఏ చట్టం ఉన్నా ముందు నాకు చెప్పాలన్నాను. ఒప్పుకుంది. "నాదీ ఒక చట్టం ఉంది. పొయ్యి ముట్టించినవాళ్ళే గిన్నెలు తోమాలి" అన్నాను. ఆమె నాయనను అడిగింది. దానికి అడ్డుగా తాను ఎక్కడా చదవలేదని ఆయన చెప్పాడు. ఇప్పుడు రెండు వరసలూ ఆమే తోముతోంది. అడుగు మాడితే సరిగా తోమడం రావడం లేదు, నేర్పుతున్నాను.

నీ చెల్లెలు,
మునిరత్న

తా.క. ఇన్నాళ్ళూ నీ కోపం తప్పు చిరునామాకు పోతోంది. సరైనది ఇదిగో. హుఫూఫ్, మీ సైటు వెనక వీధి, గురవయ్య ఇల్లు, మూడో అంతస్తు. లిఫ్టు పనిచేయడం లేదట. మెట్లెక్కేలోపు కోపం చల్లారనీయకు.