నాలుగింటి బస్సు

జూన్ 10

కమిటీలో ఐదుగురం. పిల్లల్ని మార్కుల్ని బట్టి ఏ, బీ, సీ, డీ సెక్షన్లుగా విడగొట్టే పద్ధతి ఉండాలా, పోవాలా అన్నది విషయం. ఇద్దరు ఉండాలన్నారు, ఇద్దరు పోవాలన్నారు. ఆఖరి ఓటు నాది. పోవాలన్నాను. పోయింది.

మా స్కూల్లో ప్రతి టెస్టు తర్వాతా సెక్షన్లు మారతాయి. ఆ రోజు పిల్లలు బ్యాగులు మోసుకుంటూ మెట్ల మీద ఎదురుపడతారు. పైకి ఎక్కేవాళ్ళు ఒక పక్క, కిందికి దిగేవాళ్ళు ఒక పక్క. ఏ సెక్షన్ రెండో అంతస్తులో. డీ సెక్షన్ సైకిల్ స్టాండ్ పక్కన. లెక్కల టీచర్‌గా ఇన్నేళ్ళలో డీ నుంచి ఏ దాకా ఎక్కినవాళ్ళని ఇద్దర్నే చూశాను.

బయటికొచ్చాక సైన్స్ మాస్టారు, ఏం మేడం, ఇన్నాళ్ళూ మేం కష్టపడి పాలూ నీళ్ళూ విడదీస్తే మీరొచ్చి కలిపేశారు, అన్నారు. నవ్వుతూనే అన్నారు. టీకి మాత్రం పిలవలేదు.

జూన్ 11

అక్కకి చెప్పలేదు. ఆమె కూతురు మా స్కూల్లోనే టెన్త్. చిన్నప్పట్నుంచీ ఏ సెక్షనే.

జూన్ 13, సాయంత్రం

చెప్పాల్సిన పని లేకపోయింది. ఎవరి ఓటు ఎటో పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో వచ్చేసింది. అక్క ఫోన్ చేసింది. నీ ప్రయోగాలకి నా పిల్లే దొరికిందా, అంది. ప్రయోగం కాదక్కా, డీలో సిలబస్ సగం కూడా చెప్పడం లేదు, అన్నాను. వాళ్ళ సంగతి వాళ్ళమ్మలు చూసుకుంటారు, దీని సంగతి నేను చూసుకోవద్దూ, అంది. నీకు పిల్లలుంటే తెలిసేదే, అని కూడా అంది.

దానికి జవాబు ఉంది. అక్క ఫోన్ పెట్టేశాక దొరికింది.

జూన్ 20

చీట్లు తీసి సెక్షన్లు కలిపాం. అక్క కూతురు నా క్లాసులోనే పడింది. గుక్క తిప్పుకోకుండా మాట్లాడుతుందని ఇంట్లో దాన్ని చిలక అంటాం. పక్క సీటు డీ నుంచి వచ్చిన రెండు జడల అమ్మాయిది. చిలక ఇద్దరికీ మధ్య బ్యాగు పెట్టుకుని కూర్చుంది. 

స్కూల్లో మేడం, బయట పిన్ని. మా ఇద్దరి ఒప్పందం అది. సాయంత్రం బజార్లో ఎదురుపడి, నమస్తే మేడం, అంది. అక్క టమాటాలు ఏరుతోంది. తలెత్తలేదు.

జూలై 2

ఫోన్ పనిచేస్తోందో లేదోనని నా నంబరుకి నేనే చేసుకున్నాను. బిజీ అని వచ్చింది.

జూలై 15

ఫస్ట్ టెస్ట్ మార్కులొచ్చాయి. లెక్కల్లో చిలక తొంభై ఆరు నుంచి ఎనభై తొమ్మిదికి దిగింది. జడల అమ్మాయి ఇరవై రెండు నుంచి నలభైకి వచ్చింది. స్టాఫ్‌రూమ్‌లో అందరూ మొదటిదాని గురించే మాట్లాడారు.

ప్రిన్సిపాల్ పిలిచారు. ఈక్విటీ, సమానత్వం, అంతా బాగానే ఉంది మేడం, కానీ గేటు దగ్గర పేరెంట్స్ టీసీలు ఇచ్చెయ్యమంటున్నారు, అన్నారు. సాయంత్రం నాలుగు నుంచి ఐదు దాకా టాపర్స్‌కి స్పెషల్ బ్యాచ్ పెడతారట. లెక్కలు మీరు చెప్తేనే వాళ్ళు చల్లబడతారు, అన్నారు. చెప్తాను గానీ టాపర్స్‌కి అని ఉండకూడదు, అందరికీ అని ఉండాలి, అన్నాను. వెంటనే ఒప్పుకున్నారు. అంత తొందరగా ఎందుకు ఒప్పుకున్నారో ఆలోచించలేదు.

స్పెషల్ బ్యాచ్ సంగతి తెలిసి అక్క వాట్సాప్‌లో బొటనవేలు బొమ్మ పంపింది. నెల తర్వాత.

జూలై 18

క్లాసు నిండింది. అందరూ పాత ఏ సెక్షన్ వాళ్ళే. అందరికీ అని నోటీసు మీద నేనే పెద్ద అక్షరాలతో రాశాను. డీ వాళ్ళు ఒక్కరూ రాలేదు. ఆసక్తి లేదేమో అని ఒక్క క్షణం నేనూ అనుకున్నాను.

చిలక కోసం అక్క స్కూటర్ మీద వచ్చింది. ముగ్గురం పట్టం గానీ రేపు ఇంటికి రా, చిక్కిపోయావేంటే, అంది. నడుచుకుంటూ వచ్చాను. ఇల్లు దగ్గరగా అనిపించింది.

జూలై 19

జడల అమ్మాయిని అడిగాను, నిన్న ఎందుకు ఉండలేదమ్మా అని. నాలుగింటికి బస్సు కదా మేడం, అంది. తర్వాతది పట్టుకోవచ్చుగా, అన్నాను. తర్వాతది ఎక్కడుంది మేడం, మా వైపుకి అదే ఆఖరు, మీకు తెలీదా, అంది.

తెలీదు. నేను నడిచి వెళ్ళేదాన్ని. కనుక్కుంటే, పాత డీలో మూడొంతుల మంది ఆ బస్సే. పాత ఏలో ఒక్కరూ లేరు.

ప్రిన్సిపాల్‌కి చెప్పాను. నోటీసులో అందరికీ అనే ఉంది కదమ్మా, బస్సు మన చేతిలో ఉందా, అన్నారు.

సాయంత్రం అక్క ఇంటికి వెళ్ళాను. పిన్నీ, అంటూ చిలక నెల రోజుల కబుర్లూ ఒకేసారి మొదలుపెట్టింది. వెళ్ళేముందు బస్సు సంగతి చెప్పాను. ఇప్పుడే కదే కాస్త కుదుటపడ్డాం, మళ్ళీ మొదలెట్టకు నీకు దణ్ణం పెడతాను, అంది అక్క.  

జూలై 22

నోటీసు చింపేసి కొత్తది అంటించాను. లెక్కల క్లాసు లంచ్ బ్రేక్‌లో. బాక్సులు తెచ్చుకుని తింటూ వినొచ్చు. సాయంత్రం బ్యాచ్ చెప్పనన్నాను. మీ ఇష్టం, రేపు ఏదన్నా అయితే నా దగ్గరికి రాకండి, అన్నారు ప్రిన్సిపాల్.

అక్కకి నేనే ఫోన్ చేసి చెప్పాను. విని పెట్టేసింది.

జూలై 24

బెంచీలు చాలలేదు. గదంతా బాక్సుల వాసన. నాకు ఒక చేతిలో చాక్‌పీస్, ఇంకో చేతిలో స్పూను. జడల అమ్మాయి బోర్డు మీద లెక్క చేస్తూ తప్పింది. ఒసేయ్, అక్కడ మైనస్సే, మైనస్సు, అని చిలక నోట్లో ముద్దతోనే అరిచింది. గదంతా నవ్వింది. జడల అమ్మాయి కూడా.

జూలై 29

అక్క ఆఫీసుకి వచ్చింది. ఇంకో స్కూల్లో సీటు దొరికిందట. అక్కడ ఏ సెక్షన్ ఉందట. టీసీ మీద క్లాస్ టీచర్ సంతకం కావాలి. క్లర్కు నన్ను పిలిపించాడు.

మేడం, మీరు సంతకం పెడితే మేం వెళ్తాం, అంది అక్క.

నన్ను మీరు అనడం ఇదే మొదలు. ప్రవర్తన అన్న చోట చాలా మంచిది అని రాసి సంతకం పెట్టాను. చిలక వరండాలో ఉంది. జడల అమ్మాయి దాని చెయ్యి పట్టుకుని ఏదో చెబుతోంది. చిలక వింటోంది.

ఆగస్టు 4

సెలవు. మధ్యాహ్నం ఇంట్లో కూడా, లంచ్ క్లాసులోలాగే, నిలబడే తిన్నాను. గిన్నె కడిగాక కుర్చీ కనిపించింది.