మందు వెయ్యని వెల్లుల్లి

భవానీపురం, 14-3-74

అమ్మకు వందనాలు. నీ ప్రార్థనల వల్ల మేం కులాసా. ఇల్లు ఖాళీ చెయ్యమంటారేమోనన్న దిగులు ఇక వదిలెయ్యి.

పెరట్లో వెల్లుల్లి పెట్టిన దగ్గర్నుంచీ వాసనొస్తోందని ఇంటిగలావిడ జ్ఞానప్రసూనాంబగారు సణుగుతూనే ఉన్నారు కదా. వాళ్ళింట్లో వెల్లుల్లి గడప తొక్కదు. నువ్వు చెప్పినట్టే ఏ మందూ వెయ్యకుండా పేడ ఎరువుతో, బూడిదతోనే పెంచాను. నిన్న గడ్డలు పీకి నీడన ఆరబెడుతుంటే ఆవిడే చేట పట్టుకుని వచ్చారు. వెల్లుల్లి పేరైనా పలకకుండా, "అవి కాసిని ఇస్తావుటమ్మా? మా హైమ బాలింతరాలు కదా, పథ్యంలోకి కావాలి. మందుకైతే దోషం లేదులే" అన్నారు. నవ్వు ఆపుకుని, విత్తనానికని దాచినవి కూడా చేటలో పోసేశాను.

వంగ విరగకాస్తోంది. బెండకి పేను పట్టింది. బూడిద చల్లినా పోలేదు, ఏం చెయ్యాలో వెంటనే రాయి. గేదె ఈనిందా? తమ్ముడికి దగ్గు తగ్గిందా? ఆమోసు మామయ్య ఇటు వచ్చేటప్పుడు వెల్లుల్లి విత్తనం రెట్టింపు ఇచ్చి పంపు. వచ్చే ఏడు మడి ఇంకాస్త పెద్దది చేసుకోమని ఇంటిగలావిడే అన్నారు. తులసికోటకి మాత్రం దూరంగా ఉండాలట.

నాన్నగారికి వందనాలు, తమ్ముడికి ముద్దులు.

నీ ఎలిజబెత్